నేపుల్స్‌లో మా అమ్మ తప్పిపోయింది!

సోఫియా లారెన్ పేరు వినపడితే చాలు, మా నాన్న మొహం వెలిగిపోయేది. మా అమ్మ మూతి ముడుచుకునేది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా ఇంట్లో ఇదే వరస.

కారణం లేకపోలేదు. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో నాన్నకి మద్రాసులో గుమాస్తా ఉద్యోగం. కోడంబాకంలో ఒక్క గది కాపురం. ఆయన ఒక ఫిల్మ్ సొసైటీలో మెంబరు. కార్డు మీద ఒక్కరికే ప్రవేశం! అంచేత ఆదివారం పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఇటలీ వెళ్ళిపోయేవారు. అమ్మ కిరసనాయిలు స్టవ్ ముందు కోడంబాకంలోనే ఉండిపోయేది. మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చి, అన్నం కలుపుకుంటూ సినిమా కథంతా పూసగుచ్చినట్టు చెప్పేవారట. అలా మా అమ్మ ఒక్క ఇటాలియన్ సినిమా కూడా చూడకుండానే బోలెడు ఇటాలియన్ సినిమాలు "వినేసింది".

నాన్న పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ అమ్మ గుడికి తప్ప గడప దాటలేదు. జర్మనీలో ఉన్న మా చెల్లెలు పోరగా పోరగా, కిందటి మే నెలలో అమ్మనీ, మా ఆవిడనీ, ఎనిమిదేళ్ళ మా బుజ్జినీ వెంటబెట్టుకుని బయల్దేరాను. చెల్లెలి ఇంట్లో పది రోజులు. మధ్యలో నాలుగు రోజులు నేపుల్స్.

"నేపుల్స్ ఎందుకండీ? వెనిస్ వెడదాం, పడవలుంటాయి" అంది మా ఆవిడ.

"అమ్మకి చూపిద్దామని" అన్నాను.

అబద్ధం! నా జేబులో ఓ జాబితా ఉంది. డిసికా సినిమాలు తీసిన వీధులు, టోటో పుట్టిన పేట, సోఫియా లారెన్ సిగరెట్లమ్మిన సందు... సినిమా పాఠకులు నోరూరేలా ఓ వ్యాసం రాసిపారేద్దామని నా ఎత్తు. అమ్మ ఆ ఎత్తుకి పై పూత. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవడానికి మీకు వీలుగా ఉంటుంది.

ఉగ్గుగిన్నెడు కాఫీ

ఇటాలియన్లు తమ ఊరిని నాపోలీ అంటారు. సుమారు 2,500 ఏళ్ళ క్రితం గ్రీకులు కట్టిన ఊరు. "నెయాపొలిస్", అంటే కొత్త ఊరు అని పేరు పెట్టారు. ఇన్నేళ్ళయినా ఆ ఊరు ఇంకా "కొత్త ఊరే"! మన కొత్తపేటలు పాతబడిపోయినా కొత్తపేటలే అయినట్టు.

మేం దిగిన గది పాత ఊళ్ళో, మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. అమ్మ మోకాళ్ళ సంగతి తెలిసీ చవగ్గా వస్తోందని తీసుకున్నాను. రాత్రి మెట్లెక్కేసరికి అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉంటుంది, కొడుకులకి తెలుసు.

పొద్దున లేచేసరికి బుజ్జి బాల్కనీలో కేకలు. "నాన్నా, బుట్ట! బుట్ట వెళ్ళిపోతోంది!" ఎదురింటి నాలుగో అంతస్తునుంచి ఓ ముసలావిడ తాడు కట్టిన బుట్ట కిందకి దింపుతోంది. కింద కొట్టువాడు అందులో రొట్టె, పాలు పెట్టాడు. బుట్ట పైకి వెళ్ళిపోయింది. అమ్మ కూడా వచ్చి చూసింది. "మోకాళ్ళున్నా లేకపోయినా రోజు గడిచే ఉపాయం" అంది. అది నాకే తగిలింది.

కాఫీకి వెళ్ళాం. నేపుల్స్‌లో కాఫీ నిలబడి తాగుతారు. రెండు గుక్కలు. బల్ల మీద చిన్న కప్పు పెట్టేసరికి అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేంట్రా, ఉగ్గుగిన్నెలో పోశాడు! మిగతాది ఎప్పుడు తెస్తాడు?" మిగతాది లేదని చెప్పాను. తాగింది. ఓ క్షణం ఆగింది. "డికాక్షన్ బాగుంది. పాలు పొయ్యడం మర్చిపోయాడు అంతే" అని తీర్పు చెప్పింది.

ఇక్కడో గొప్ప ఆచారం ఉంది. "కఫే సొస్పేసో" అంటారు. అంటే "ఆపి ఉంచిన కాఫీ". ఒక కాఫీ తాగి రెంటికి డబ్బిచ్చి వెళ్ళిపోతారు. తర్వాత చేతిలో డబ్బు లేనివాడెవడైనా వచ్చి "ఆపి ఉంచింది ఏమైనా ఉందా?" అని అడిగితే అది వాడికి. ఇచ్చినవాడెవడో పుచ్చుకున్నవాడికి తెలియదు. ఈ సంగతి చెప్పగానే అమ్మ కొంగుముడి విప్పబోయింది. రూపాయలు చెల్లవని నచ్చజెప్పి నేనే ఇచ్చాను. ఆ రోజు నేను నా ఇష్టంతో చేసిన మొదటి మంచిపని అని చెప్పుకుందామంటే అదీ అమ్మదే.

బొమ్మల కొలువు వీధి

పాత ఊరిని కత్తితో గీసినట్టు నిలువునా చీల్చుకుంటూ పోయే వీధి ఒకటుంది. దాన్ని "స్పక్కనాపొలి" అంటారు. నాపోలీని చీల్చేది అని అర్థం. గ్రీకుల కాలంలో గీసిన గీత అది. ఇవాళ్టికీ చెరగలేదు. పైన తలెత్తి చూస్తే ఇటు బాల్కనీనుంచి అటు బాల్కనీకి ఆరేసిన బట్టలు. కింద స్కూటర్లు. ఒక్కో స్కూటర్ మీద ముగ్గురు. హారన్ ఆపరు, బ్రేకు వెయ్యరు. మా ఆవిడ "ఏవండీ, మనం రోడ్డెలా దాటాలి?" అని నిలబడిపోయింది. అమ్మ మాత్రం చెయ్యి అడ్డంగా చాపి, ఎవరి వంకా చూడకుండా నడిచి దాటేసింది. బీసెంట్ రోడ్డు అనుభవం ఊరికే పోతుందా!

ఆ వీధిలోంచి పైకి తిరిగితే సాన్ గ్రెగోరియో అర్మేనో అని సన్నని సందు. దాన్నిండా బొమ్మల కొట్లే. క్రిస్మస్‌కి బాలయేసు పుట్టిన పశువుల పాక పేరుస్తారు కదా, ఆ బొమ్మలు ఇక్కడ ఏడాది పొడుగునా తయారవుతాయి. అయితే నేపుల్స్ వాళ్ళు పశువుల పాకతో ఆగరు. చుట్టూ ఊరంతా పెడతారు. చేపలమ్మేవాడు, రొట్టెలు కాల్చేవాడు, తాగి పడిపోయినవాడు, అందరూ ఉంటారు. అచ్చం మన సంక్రాంతి బొమ్మల కొలువు! అమ్మ నడక నెమ్మదించింది. ఒక్కో కొట్టు ముందూ ఆగి "మూడో మెట్టు మీద పెట్టాల్సినవి మొదటి మెట్టు మీద పెట్టారు" అని తప్పులు వెతకడం మొదలుపెట్టింది. రెండేళ్ళుగా మా ఇంట్లో కొలువు పెట్టలేదు. ఈ మాట నేను ఆమెతో అనలేదు.

ఈ సందులో ఇంకో సరదా ఉంది. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, రాజకీయ నాయకులు, సినిమా తారలు, ఎవరికి పేరొస్తే వాళ్ళకి బొమ్మ తయారు! టోటో బొమ్మలైతే కొట్టు కొట్టుకీ ఉన్నాయి. టోటో అంటే మన రేలంగి, అల్లు రామలింగయ్య, రాజబాబు ముగ్గుర్నీ కలిపి పోత పోసినట్టు అనుకోండి. 1898లో ఈ ఊళ్ళోనే సానిటా అనే పేదల పేటలో పుట్టాడు. 1967లో రోమ్‌లో పోతే, అక్కడ ఒకసారి అంత్యక్రియల ప్రార్థన జరిగింది. నేపుల్స్‌కి తెచ్చి రెండోసారి చేశారు. అయినా సానిటా పేటవాళ్ళకి తృప్తి లేక, ఖాళీ పెట్టె పెట్టుకుని మూడోసారి చేశారు. అభిమాన సంఘాలంటే మనవేననుకోకండి!

బుజ్జి కొట్లన్నీ గాలించి వచ్చి, "నాన్నా, ప్రభాస్ బొమ్మ లేదు. వీళ్ళకి తెలీదా?" అంది కోపంగా. వాళ్ళ తరఫున నేనే క్షమాపణ చెప్పుకున్నాను.

అక్కడే ఎర్రటి కొమ్ములు వేలాడుతున్నాయి, మిరపకాయల్లా. అమ్మ చూడగానే "దిష్టికా?" అంది. దిష్టికే! పేరు "కోర్నో". మనం గుమ్మానికి మిరపకాయలూ నిమ్మకాయా కట్టినట్టు వీళ్ళు ఈ కొమ్ము కడతారు, మెళ్ళో వేసుకుంటారు. కానీ ఒక షరతు. ఎవరికి వాళ్ళు కొనుక్కుంటే పనిచెయ్యదట. ఎవరైనా ఇవ్వాలి. అమ్మకి ఈ షరతు బాగా నచ్చింది. ఒకటి కొని, "ఎవరికివ్వాలో తర్వాత చూస్తా" అని సంచీలో వేసుకుంది. నాకోసమే అయ్యుంటుందని నేననుకున్నాను. కొడుకుల ఆలోచనలు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

రాతి మీద పల్చని బట్ట

సాన్సెవెరో అనే చిన్న ప్రార్థన మందిరం లోపల ఒక పాలరాతి శిల్పం ఉంది. ముసుగు కప్పిన క్రీస్తు. 1753లో జుసెప్పె సన్మార్తినో అనే శిల్పి చెక్కాడు. పడుకున్న దేహం మీద పల్చని గుడ్డ కప్పినట్టుంటుంది. ఆ గుడ్డ కూడా రాయే! కింద కనుబొమలు, ముక్కు, చేతుల మీద నరాలు అన్నీ కనిపిస్తాయి. దీన్ని చెక్కించిన ప్రభువుగారు రసవాది అనీ, ఏదో మందు పోసి నిజం గుడ్డనే రాయిగా మార్చేశాడనీ జనం చాలాకాలం చెప్పుకున్నారు. చూస్తే మనమూ నమ్మేస్తాం.

ఫోటోలు తియ్యనివ్వరు. నేను నోటుపుస్తకం తీసి రాసుకుంటూ ఉంటే అమ్మ వచ్చినంత వేగంగా బయటికెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాను. మెట్ల పక్కన నీడలో నిలబడి ఉంది.

"ఏమ్మా, బాలేదా?"

"బావుంది. మొహం మీద ఆ బట్ట తీసేస్తే బావుండును" అంది.

ఇంకేమీ అనలేదు. నాకు ఆస్పత్రి గుర్తొచ్చింది. ఆవిడకీ అదే గుర్తొచ్చి ఉంటుంది. ఎంత బుద్ధిలేనివాణ్ణి! ఊళ్ళో ఇన్ని చోట్లుంటే, మనిషి పోయి రెండేళ్ళు తిరక్కుండా, అమ్మని తీసుకొచ్చి ఆ బొమ్మ ముందు నిలబెట్టాను. మా ఆవిడ నా వంక ఒక చూపు చూసింది. పన్నెండేళ్ళ సంసారంలో ఆ చూపుకి అర్థం నాకు బాగా తెలుసు.

మధ్యాహ్నం పిజ్జా తిన్నాం. ఈ ఊరే పిజ్జాకి పుట్టిల్లు. బళ్ళ మీద అమ్మేదాన్ని నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు. డబ్బుల పర్సులా మడిచింది కనక దాని పేరు కూడా పర్సు పిజ్జాయే. ఈ పిజ్జా చేసేవాళ్ళ పనితనాన్ని 2017లో యునెస్కో వారసత్వ సంపదల్లో చేర్చారు. అమ్మకి వెన్న, జున్ను లేని మరినారా ఇప్పించాం. టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, అంతే. "దిబ్బరొట్టె మీద టమాటా పచ్చడి" అంది. సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకుంది. మాట్లాడ్డం తగ్గించింది.

నలభై నిమిషాలు

పియాజా దాంతె దగ్గర మెట్రో ఎక్కి ఒక్క స్టేషన్ అవతల టొలెడోలో దిగాం. ఒక్క స్టేషన్‌కి రైలెందుకంటే, ఆ స్టేషనే చూడాల్సిన వింత. ఆస్కార్ తుస్కేత్స్ అనే స్పెయిన్ వాస్తుశిల్పి గీసిన నమూనా. 2012లో తెరిచారు. భూమికి దాదాపు 50 మీటర్ల లోతున ఉంటుంది. ఎస్కలేటర్ మీద పైకి వస్తుంటే చుట్టూ నీలం రంగు గాజుపలకలు, నెత్తిన బావిలాంటి గొట్టం, అందులోంచి పైవీధి వెలుతురు కిందకి దిగుతూ ఉంటుంది. సముద్రం అడుగునుంచి పైకి తేలుతున్నట్టుంటుంది. బుజ్జి రెండుసార్లు ఎక్కి దిగింది.

పైకొస్తే టొలెడో వీధి. దాని పడమటి పక్క "క్వార్తియేరి స్పాన్యోలి", అంటే స్పెయిన్ వాళ్ళ పేటలు. పదహారో శతాబ్దంలో ఈ ఊరు స్పెయిన్ ఏలుబడిలో ఉన్నప్పుడు సిపాయిలకోసం కట్టిన గళ్ళగళ్ళ సందులు. సిపాయిలు పోయారు, బీదవాళ్ళు మిగిలారు. నేలమీది గదుల్ని "బస్సో" అంటారు. వీధిలోకే తలుపు, ఒక్క గదిలోనే వంటా, మంచం, టీవీ, దేవుడు. కుర్చీ మాత్రం వీధిలో!

ఈ పేటలో ఓ గోడ మీద మారడోనా బొమ్మ ఉంది. అర్జెంటీనా వాడే అయినా 1984నుంచి 1991దాకా నేపుల్స్ జట్టుకి ఆడాడు. అప్పటిదాకా ఉత్తర ఇటలీ డబ్బున్న జట్ల చేతిలో ఈడిగిలపడే ఈ ఊరికి 1987లో, 1990లో ఛాంపియన్‌షిప్పులు తెచ్చిపెట్టాడు. 2020 నవంబర్‌లో అతను పోయాక ఈ గోడ గుడి అయిపోయింది. పూలు, దీపాలు, జెండాలు, జనం. నేను ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూ వ్యాఖ్యానం చెప్పుకుంటున్నాను. పది నిమిషాలు అయ్యుంటుంది. ఆపి వెనక్కి తిరిగాను. మా ఆవిడ, బుజ్జి ఉన్నారు.

"అమ్మేదీ?"

"మీతో లేరా?" అంది మా ఆవిడ.

నేను ఆవిడతో ఉందనుకున్నాను. ఆవిడ నాతో ఉందనుకుంది. ప్రపంచంలో పెద్దవాళ్ళు తప్పిపోయేది ఇలాగే.

ఫోన్ చేశాను. మోగలేదు. ఎలా మోగుతుంది? "నలుగురికీ నాలుగు సిమ్ములెందుకు, దండగ" అని అమ్మకి కొనలేదు నేనే! ఆ క్షణంలో నాకు చెమట పట్టింది. అరవై ఆరేళ్ళ మనిషి. తెలుగు తప్ప, మద్రాసులో నేర్చిన నాలుగు అరవం ముక్కలు తప్ప మరో భాష రాదు. మేం దిగిన ఇంటి పేరు తెలీదు. మోకాళ్ళు నొప్పులు. మనసు బాగాలేదు, అదీ నావల్లే.

మా ఆవిణ్ణీ బుజ్జినీ గోడ దగ్గరే ఉండమని సందుల్లోకి పరుగెత్తాను. అన్ని సందులూ ఒక్కలాగే ఉన్నాయి. ఒక్కో సందులోనూ ఆరేసిన బట్టల్లో నాకు అమ్మ చీరే కనిపించింది. బటాణీ రంగు చీర. ఓ పళ్ళ కొట్టువాడికి చేతులతో చీర చూపించి, "మమ్మా, మమ్మా" అన్నాను. అమ్మని ఆ ఊళ్ళోనూ అమ్మనే అంటారు, అదొక్కటే అదృష్టం. అతనికి అర్థమైంది. అర్థమయ్యాక జరిగిందే నేపుల్స్!

అతను తలెత్తి మొదటి అంతస్తు బాల్కనీకి అరిచాడు. ఆవిడ మూడో అంతస్తుకి అరిచింది. మూడో అంతస్తు ఆవిడ బుట్ట తాడు వదలకుండానే పక్క సందు బాల్కనీకి అరిచింది. "ఇందియానా!" అనే మాట ఒక్కటే నాకు తెలుస్తోంది. అది మేడ మేడకీ ఎగురుతూ కొండపైకి వెళ్ళిపోయింది. రెండు నిమిషాల్లో జవాబు అదే దారిన కిందకి దిగింది. ఓ కుర్రాడు స్కూటర్ ఆపి నన్ను వెనక ఎక్కమన్నాడు. ఆ మెట్లసందుల్లో అతను తోలిన తీరు చూస్తే మన ఫైట్ మాస్టర్లు డూప్ కింద పెట్టుకునేవాళ్ళు.

రెండు సందులవతల, ఒక బస్సో ముందు, ప్లాస్టిక్ కుర్చీలో మా అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెం. పచ్చిబటానీలు ఒలుస్తోంది! పక్క కుర్చీలో నల్లగౌను వేసుకున్న ముసలావిడ. ఆవిడా ఒలుస్తోంది.

"ఒరే, వచ్చావా? ఎందుకలా ఆయాసపడుతున్నావు?" అంది అమ్మ.

నాకు నోట మాట రాలేదు. గడియారం చూసుకుంటే నలభై నిమిషాలు. నాకు నాలుగు గంటలనిపించింది.

సంగతేమిటంటే, గోడ దగ్గర జనంలో ఎవరో తొక్కి అమ్మ చెప్పు తెగింది. పిలిస్తే నేను వినలేదట. "నువ్వు ఫోన్‌తో మాట్లాడుకుంటున్నావు కదా" అంది. నీడ వెతుక్కుంటూ ఈడ్చుకుంటూ వచ్చింది. గాజులకి ఎప్పుడూ పిన్నీసులుంటాయి గానీ, వంగి పెట్టుకుందామంటే మోకాలు వంగదు. ఈ ముసలావిడ చూసి లేచి వచ్చింది. అమ్మ చేతి గాజునుంచి పిన్నీసు తీసి, నేల మీద కూర్చుని, అమ్మ పాదం ఒళ్ళో పెట్టుకుని చెప్పు కుట్టేసింది.

"నాకన్నా పెద్దదిరా! నా కాలు పట్టుకుంది" అని అమ్మ మళ్ళీ మళ్ళీ అంటోంది. "ఆవిడాయన కూడా పోయాడుట, ఆరేళ్ళయిందిట."

"ఇటాలియన్ ఎప్పుడు నేర్చుకున్నావే అమ్మా!"

"ఇందులో భాషేముందిరా? ఫోటో చూపించింది, పైకి చూపించింది, ఆరు వేళ్ళు చూపించింది. నేనూ చూపించాను."

తలుపులోంచి చూస్తే లోపల గోడ మీద ఓ మగాయన ఫోటో, ముందు చిన్న ఎలక్ట్రిక్ దీపం. పక్కనే మేరీమాత, ఆ పక్కన మారడోనా. ముసలావిడ చేతిలో మా అమ్మ ఫోన్ ఉంది. సిమ్ములేని ఆ ఫోన్ తెర మీద నాన్న నవ్వుతున్నారు. కనెక్షన్ లేకపోయినా పనికొచ్చింది!

వచ్చేటప్పుడు అమ్మ సంచీలోంచి ఎర్రకొమ్ము తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ ఒక్క క్షణం చూసి పగలబడి నవ్వింది, వీధంతా నవ్వింది. నేపుల్స్ వాళ్ళకి నేపుల్స్ కొమ్ము బహుమతి! కానీ ఆవిడ వెంటనే మెళ్ళో వేసుకుంది. షరతు ప్రకారం అది పనిచేసే కొమ్మే.

ఉంగరం ఎక్కడ పోయింది?

నలుగురం మళ్ళీ కలిశాక ఎవరికీ నడిచే ఓపిక లేదు. పిన్యాసెక్కా సంత దగ్గర ఓ బండి ముందు ఆగాం. పెద్ద మూకుడు, మరుగుతున్న నూనె. పిండి సాగదీసి, మధ్యలో జున్ను పెట్టి, మడిచి నూనెలో వేస్తున్నాడు. పూరీలా పొంగుతోంది. దీన్ని వేయించిన పిజ్జా అంటారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి కరువు రోజుల్లో, కట్టెలపొయ్యి భాగ్యం లేని ఇళ్ళవాళ్ళు వాకిట్లో మూకుడు పెట్టి ఇవి వేయించి అప్పు మీద కూడా అమ్మేవారు. ఇవాళ తిని ఎనిమిది రోజులకి డబ్బిచ్చినా సరే! మాములుగా ఇందులో పంది మాంసం వేస్తారు. "సెంజా కార్నె" అని మూడుసార్లు చెప్పాను, మాంసం వద్దని.

అమ్మ మూకుడు వంకే చూస్తోంది. "ఒరే, ఆ ఉంగరం పడింది ఇలాంటి పిండిలోనేనా?" అంది.

నాకు అర్థమవడానికి క్షణం పట్టింది. 1954లో డిసికా తీసిన "నేపుల్స్ బంగారం" అనే సినిమా! ఆరు కథల కదంబం అది. అందులో సోఫియా లారెన్ ఈ వేయించిన పిజ్జాలే అమ్ముతుంది. అప్పటికామెకి ఇరవై ఏళ్ళు. పక్కనే పొజ్జువోలీ అనే రేవు ఊళ్ళో పెరిగిన బక్కపిల్ల, ఈ కథతోనే ఇటలీకంతటికీ తెలిసింది. తర్వాత 1962లో "ఇద్దరు ఆడవాళ్ళు" సినిమాకి ఆస్కార్ అందుకుంది. ఇంగ్లీషు కాని భాషలో నటించి ఉత్తమ నటి ఆస్కార్ పుచ్చుకున్న మొట్టమొదటి తార ఆమే. 

అమ్మ కథ చెప్పడం మొదలుపెట్టింది. నాన్న చెప్పినట్టే, అదే వరసలో. పెళ్ళాం వేలికి పచ్చరాయి ఉంగరం ఉండదు. పిండిలో పడిపోయిందేమో అంటుంది. మొగుడు లబోదిబోమని, పొద్దుణ్ణుంచి పిజ్జా కొన్నవాళ్ళందరి ఇళ్ళకీ పెళ్ళాన్ని వెంటేసుకుని బయల్దేరతాడు. ఒకాయన ఇంటికెళ్తే అప్పుడే ఆయన భార్య పోయి ఉంటుంది. ఆయన ఏడుస్తూ, చచ్చిపోతానని బాల్కనీ కేసి ఉరుకుతుంటే పదిమంది పట్టుకుని ఆపుతుంటారు. ఆ గందరగోళంలో వీడు వెళ్ళి, అయ్యా, మీరు తిన్న పిజ్జాలో ఉంగరమేమైనా తగిలిందా అని అడగాలి!

ఇక్కడికొచ్చేసరికి అమ్మకి నవ్వాగలేదు. "మీ నాన్న ఇది చెప్పేటప్పుడు లేచి నిలబడి చేసి చూపించేవారు... ఒక చేత్తో ఏడుపు, ఒక చేత్తో పిజ్జా..." కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతోంది. మా ఆవిడ నవ్వింది. బుజ్జి ఏమీ తెలియకుండానే నవ్వింది. నేను రెండేళ్ళ తర్వాత మా అమ్మ నవ్వు విన్నాను. మూకుడు దగ్గర వాడు కూడా ఎందుకో నవ్వుతున్నాడు.

"చివరికి ఏమైంది?" అంది బుజ్జి.

"ఎవరి పిజ్జాలోనో దొరికింది, తెచ్చి ఇచ్చేశారు. కథ కంచికి" అంది అమ్మ.

నేను గతుక్కుమన్నాను. ఎందుకంటే నేనా సినిమా చూశాను. ఉంగరం పిండిలో పడలేదు. ఆ పిల్లకి ఓ ప్రియుడుంటాడు. ఉంగరం వాడి దగ్గర మర్చిపోయి వస్తుంది. పిండి సంగతి ఆమె అల్లిన అబద్ధం. అంటే మా నాన్న కోడంబాకం గదిలో, అన్నం పళ్ళెం ముందు, కొత్త పెళ్ళానికి సెన్సార్ చేసి మరీ చెప్పారన్నమాట! చెప్పాలా వద్దా అని నేను తటపటాయిస్తున్నాను. నోరు మూసుకున్నాను.

అమ్మ పిజ్జా కొరుక్కుంటూ మూకుడు వంక మళ్ళీ చూసింది.

"మీ నాన్న అలా చెప్పారుగానీ, నాకు అప్పట్నుంచీ అనుమానమేరా. అంత రాయి పిండి పిసికేదానికి చేతికి తగలదూ? అది ఎక్కడో మర్చిపోయొచ్చింది. ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు."

సముద్రం ఒడ్డున

సాయంత్రం సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. దారిలో అద్దాల కప్పుతో 1890లో పూర్తయిన ఉంబెర్తో గలేరియా, 1737నుంచీ ఆడుతున్న సాన్ కార్లో ఒపేరా హాలు తగిలాయి. బయటినుంచే దణ్ణం పెట్టి సాగిపోయాం. ఒడ్డున రాతి గోడ మీద కూర్చుంటే ఎదురుగా వెసూవియస్. రెండు మూపురాల కొండ. 79వ సంవత్సరంలో పాంపేని కప్పేసింది అదే. చివరిసారి 1944 మార్చిలో, యుద్ధం మధ్యలో బద్దలైంది. ఇప్పుడు నిద్రపోతోందేగానీ చావలేదంటారు శాస్త్రజ్ఞులు. దాని కిందే లక్షల జనం స్కూటర్లు తోలుకుంటూ, బుట్టలు దింపుకుంటూ బతికేస్తున్నారు. పక్కనే నీళ్ళలో గుడ్డుకోట. వర్జిల్ కవి దాని పునాదిలో ఒక మంత్రం గుడ్డు దాచాడనీ, అది పగిలిన రోజున ఊరు కూలిపోతుందనీ వీళ్ళ నమ్మకం. ఇంతవరకూ పగల్లేదు.

నేను జేబులోంచి జాబితా తీశాను. అందులో సగం కూడా చూడలేదు. "రేపు ఫోర్చెల్లాకి వెడదాం" అన్నాను. 1963లో వచ్చిన "నిన్న, నేడు, రేపు" సినిమాలో దొంగసిగరెట్లమ్మే అడెలీనా ఉన్న పేట అది. కడుపుతో ఉన్న ఆడదాన్ని జైల్లో వెయ్యకూడదని చట్టం ఉంటే, జైలు తప్పించుకోడానికి పిల్ల తర్వాత పిల్లని కంటూ పోతుంది ఆవిడ. మొగుడు మాస్ట్రోయానీ పాపం చిక్కి శల్యమైపోతాడు. ఆ సినిమాకి ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

"ఏడుగురు పిల్లల ఆవిడేనా?" అంది అమ్మ. అదీ తెలుసు! "వెడదాం. కానీ ముందు ఆ పెద్దావిడ దగ్గరికి. పళ్ళెంలో ఇంకా సగం బటానీలున్నాయి" అంది.

సరే అన్నాను. ఆ రాత్రే అమ్మకి సిమ్ కార్డు కొన్నాను. మూడు అంతస్తులూ ఎక్కేటప్పుడు మెట్టు మెట్టుకీ ఆగి, అమ్మ బుజ్జికి మరో సినిమా కథ మొదలుపెట్టింది. గది వచ్చింది గానీ కథ అవలేదు. ఇద్దరూ చివరి మెట్టు మీదే కూర్చుండిపోయారు.

నేపుల్స్ వెళ్ళే అవకాశం మీకెప్పుడైనా వస్తే వెళ్ళండి. వీధులు చూడండి, పిజ్జా తినండి, కొమ్ము కొని ఎవరికైనా ఇవ్వండి. అంతదాకా ఇంట్లోనే చెయ్యదగ్గ పని ఒకటుంది. మీ అమ్మగారు మూతి ముడుచుకునే హీరోయిన్ ఎవరో, ఎందుకో, ఓసారి అడిగి చూడండి. అందులో ఒక సినిమా కథ ఉంటుంది. సెన్సార్ కానిది!